కెర్నెల్‌లోనే పొదిగిన బిల్డ్ కాన్ఫిగరేషన్: బయటికి తీయడం ఎలా, నమ్మడం ఎంతవరకు?

సంక్షిప్తంగా: లినక్స్ కెర్నెల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగాన్ని) ఏయే ఆప్షన్లతో కంపైల్ చేశారో తెలిపే ఫైలును కుదించి ఆ కెర్నెల్‌లోనే పొదిగే సదుపాయం రెండు దశాబ్దాలుగా ఉంది. దాన్ని ఆన్ చేసి ఉంటే, నడుస్తున్న యంత్రం నుంచైనా, డిస్కులో పడి ఉన్న ఇమేజ్ ఫైలు నుంచైనా, కుప్పకూలిన యంత్రపు మెమరీ నకలు నుంచైనా ఆ ఫైలును పొల్లు పోకుండా తిరిగి పొందవచ్చు. ఆన్ చేయకపోతే మిగిలేది ఆనవాళ్లను బట్టి ఊహించడమే. అయితే దొరికిన ఫైలు కెర్నెల్‌ను తయారు చేసిన నాటి నిర్ణయాలను చెబుతుందే గానీ, ఈ క్షణాన అది ఎలా ప్రవర్తిస్తోందో చెప్పదు.

### కెర్నెల్ మిగులుతుంది, దాని చిట్టా పోతుంది

లినక్స్ మూల కోడ్ ఒక్కటే అయినా దాని నుంచి తయారయ్యే కెర్నెళ్లు ఒక్కలాంటివి కావు. సర్వర్‌లో నడిచేదీ, ఫోన్‌లో నడిచేదీ, రూటర్‌లో నడిచేదీ ఒకే కోడ్ చెట్టు నుంచి పుట్టి, కంపైల్ చేసేటప్పుడు ఎంచుకున్న ఆప్షన్ల వల్ల వేర్వేరుగా తయారవుతాయి. ఏ డ్రైవర్ ఉండాలి, ఏ ఫైల్ సిస్టమ్ ఉండాలి, గడియారం సెకనుకు ఎన్నిసార్లు టిక్ అనాలి, ఏ భద్రతా కవచం తొడగాలి అన్న ప్రశ్నలన్నిటికీ జవాబులు ఒకే ఒక్క టెక్స్ట్ ఫైలులో ఉంటాయి. దాని పేరు చుక్కతో మొదలవుతుంది కనుక (.కాన్ఫిగ్) మామూలు జాబితాలో కనిపించదు కూడా. పెద్ద డిస్ట్రిబ్యూషన్లలో (లినక్స్‌ను ప్యాకేజీలుగా కూర్చి అందించేవాటిలో) ఆ ఫైలు సుమారు పది వేల పంక్తుల దాకా ఉంటుంది.

ఆ పంక్తుల రూపం చాలా సాదా. ఆప్షన్ పేరుకు ఎదురుగా 'వై' అని ఉంటే ఆ భాగాన్ని కెర్నెల్‌లోనే కలిపేశారని అర్థం, 'ఎం' అని ఉంటే విడి మాడ్యూల్‌గా తయారు చేశారని అర్థం. కొన్నిటికి సంఖ్యలు, ఇంకొన్నిటికి కోట్స్‌లో పెట్టిన పదాలు విలువలుగా ఉంటాయి. వద్దనుకున్న ఆప్షన్ మాత్రం హ్యాష్ గుర్తుతో మొదలై 'ఈజ్ నాట్ సెట్' అని ముగిసే పంక్తిగా కనిపిస్తుంది. చూపుకు అది వ్యాఖ్యలా ఉన్నా వ్యాఖ్య కాదు. 2002లో 2.5 అభివృద్ధి శ్రేణిలో ప్రవేశించిన, కెర్నెల్ ఆప్షన్లను నిర్వహించే కేకాన్ఫిగ్ వ్యవస్థ ఆ పంక్తిని కూడా చదివి, 'ఈ ఆప్షన్ వద్దని స్పష్టంగా చెప్పారు' అని తీసుకుంటుంది. తిరిగి రాబట్టిన ఫైలు నుంచి 'వ్యాఖ్యలను' తుడిచేసి శుభ్రం చేశామనుకునే వారు నిజానికి సగం నిర్ణయాలను పారేస్తున్నారు, ఎందుకంటే ఆ పంక్తి లేకపోతే తర్వాతి బిల్డ్‌లో ఆ ఆప్షన్ తన డిఫాల్ట్ విలువకు వెళ్లిపోతుంది.

ఇంత ముఖ్యమైన ఈ ఫైలు, అంటే కెర్నెల్ చిట్టా, కంపైల్ పూర్తయ్యాక బిల్డ్ డైరెక్టరీలోనే ఉండిపోతుంది. 'మేక్ ఎంఆర్‌ప్రాపర్' అనే ఒక్క ఆదేశంతో చెరిగిపోతుంది. కెర్నెల్ ఇమేజ్ మాత్రం యంత్రాలకు, పరికరాలకు, బ్యాకప్‌లకు కాపీ అవుతూ ఏళ్ల తరబడి బతుకుతుంది. కొన్నేళ్ల తర్వాత అదే కెర్నెల్‌కు ఒక డ్రైవర్ జోడించాలన్నా, ఒక లోపానికి ప్యాచ్ వేసి తిరిగి తయారు చేయాలన్నా పాత చిట్టా కావాలి. ఆ చిట్టా కోసం వెతుకులాట మొదలయ్యేది అప్పుడే.

### పొదగడం: రెండు గుర్తుల నడుమ ఒక మూట

ఈ ఇబ్బందికి కెర్నెల్ అభివృద్ధికారులు ఇచ్చిన పరిష్కారం 'కాన్ఫిగ్_ఐకేకాన్ఫిగ్' అనే ఆప్షన్. 'ఇన్ కెర్నెల్ కాన్ఫిగ్' అన్న మాటలకు అది సంక్షిప్త రూపం. దీన్ని అమలు చేసే చిన్న ఫైలులో 2002 నాటి హ్యూలెట్ ప్యాకర్డ్ కాపీరైట్ ప్రకటన ఇప్పటికీ ఉంది. 2.6 శ్రేణి నుంచి ఇది ప్రధాన కెర్నెల్‌లో భాగం.

పని జరిగే తీరు సూటిగా ఉంటుంది. బిల్డ్ సమయంలో ఆ కాన్ఫిగరేషన్ ఫైలును జీజిప్ పద్ధతిలో కుదిస్తారు. కుదించిన బైట్లను అసెంబ్లర్ నేరుగా కెర్నెల్‌లోని చదవడానికి మాత్రమే వీలున్న డేటా విభాగంలో చేరుస్తుంది. ఆ మూటకు ముందు ఎనిమిది బైట్ల ప్రారంభపు గుర్తు, వెనుక ఎనిమిది బైట్ల ముగింపు గుర్తు ఉంటాయి. ప్రారంభపు గుర్తులోని అక్షరాలు ఐ, కె, సి, ఎఫ్, జి, అండర్‌స్కోర్, ఎస్, టి. ముగింపు గుర్తులో చివరి రెండు అక్షరాలు మాత్రం మారి ఇ, డి అవుతాయి. రెండు మూడు వందల కిలోబైట్ల టెక్స్ట్ కుదింపు తర్వాత కొన్ని పదుల కిలోబైట్లకు దిగుతుంది. ఒకే పదాలు పదే పదే వచ్చే ఫైలు కనుక బాగా కుదించుకుపోతుంది.

ఇక్కడ గమనించాల్సింది గుర్తుల అవసరం. నడుస్తున్న కెర్నెల్‌కు ఆ మూట ఎక్కడుందో తెలుసు, దానికి గుర్తులతో పని లేదు. కానీ బయటి ప్రోగ్రాముకు కెర్నెల్ ఇమేజ్ అంటే ఏ హద్దులూ లేని బైట్ల గుట్ట. సింబల్ పట్టికలు (ఫంక్షన్లు, డేటా పేర్లు, వాటి చిరునామాల జాబితాలు) తీసేసినా, ఫైలు నిర్మాణం తెలియకపోయినా, ఆ గుట్టలో మూటను పట్టుకోవడానికే ఈ ఎనిమిది అక్షరాలు. అంటే కెర్నెల్ నడవని చోట, కనీసం బూట్ కూడా కాని చోట కాన్ఫిగరేషన్‌ను రాబట్టగలగాలని తొలి నుంచీ ఆలోచించి చేసిన ఏర్పాటు ఇది.

### నడుస్తున్న యంత్రం నుంచి

అన్నిటికంటే తేలిక దారి ఇదే. 'కాన్ఫిగ్_ఐకేకాన్ఫిగ్_ప్రాక్' అనే తోడు ఆప్షన్ కూడా ఆన్‌లో ఉంటే, కెర్నెల్ తన సమాచారాన్ని ఫైళ్ల రూపంలో చూపే ప్రాక్ డైరెక్టరీలో కాన్ఫిగ్.జీజెడ్ అనే ఫైలు కనిపిస్తుంది. దాన్ని జెడ్‌క్యాట్‌తో తెరిస్తే మొత్తం ఫైలు తెర మీదికి వస్తుంది, జెడ్‌గ్రెప్‌తో కావలసిన ఆప్షన్ ఒక్కటే వెతుక్కోవచ్చు. ఏ వినియోగదారైనా చదవగలిగే అనుమతులతోనే అది ఏర్పడుతుంది.

ఆ ఫైలు కనిపించనంత మాత్రాన కాన్ఫిగరేషన్ పొదగలేదని తేల్చేయకూడదు. ఈ ఆప్షన్‌ను మాడ్యూల్‌గా కూడా తయారు చేయవచ్చు. అప్పుడు 'కాన్ఫిగ్స్' అనే మాడ్యూల్‌ను మోడ్‌ప్రోబ్‌తో ఎక్కిస్తే తప్ప ప్రాక్‌లో ఫైలు ప్రత్యక్షం కాదు. అలాంటి సందర్భంలో ప్రధాన ఇమేజ్‌లో ఎంత వెతికినా గుర్తు దొరకదు, ఎందుకంటే మూట ఉన్నది ఆ మాడ్యూల్ ఫైలులో.

ఆర్చ్ లినక్స్ వంటి డిస్ట్రిబ్యూషన్లు ఈ సదుపాయాన్ని ఆన్ చేసి ఇస్తుండగా, డెబియన్, ఉబుంటు వంటివి మరో దారి పట్టాయి. అవి కాన్ఫిగరేషన్‌ను మామూలు టెక్స్ట్ ఫైలుగా బూట్ డైరెక్టరీలో, కెర్నెల్ వెర్షన్‌ను పేరులో చేర్చి ఉంచుతాయి. రోజువారీ అవసరానికి ఈ పద్ధతి సరిపోతుంది, మెమరీ ఖర్చు కూడా ఉండదు. కానీ రెండింటికీ ఒక మౌలికమైన తేడా ఉంది. బూట్ డైరెక్టరీలోని ఫైలుకూ కెర్నెల్‌కూ ఉన్న సంబంధం పేరు ఒక్కటే. అదే వెర్షన్ పేరుతో కెర్నెల్‌ను రెండోసారి తయారు చేసి ఇన్‌స్టాల్ చేస్తే, యంత్రాన్ని రీబూట్ చేసే వరకు నడుస్తున్నది పాత కెర్నెల్, డిస్కులో ఉన్నది కొత్త చిట్టా. ఆ సమయంలో టెక్స్ట్ ఫైలును నమ్మినవారు వేరే కెర్నెల్ గురించి చదువుతుంటారు.

కంటెయినర్లలో (ప్రోగ్రాములను విడిగా నడిపే ఏర్పాట్లలో) ఈ తేడా మరింత స్పష్టంగా బయటపడుతుంది. కంటెయినర్‌కు సొంత కెర్నెల్ ఉండదు, తనను నడిపే యంత్రపు (హోస్ట్) కెర్నెల్‌నే వాడుకుంటుంది. లోపల ఉండే బూట్ డైరెక్టరీ సాధారణంగా ఖాళీగా ఉంటుంది, లేదా ఇమేజ్ తయారు చేసినప్పటి సంబంధం లేని ఫైళ్లతో ఉంటుంది. ప్రాక్‌లోని కాన్ఫిగ్.జీజెడ్ అయితే కంటెయినర్ లోపలి నుంచి చదివినా హోస్ట్ కెర్నెల్ సంగతే చెబుతుంది. కంటెయినర్లను నడిపే డాకర్‌తో వచ్చే తనిఖీ స్క్రిప్టు గానీ, బీపీఎఫ్ ప్రోగ్రాములను (కెర్నెల్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాములను) ఎక్కించే లిబ్‌బీపీఎఫ్ గానీ ఈ రెండు చోట్లనూ వెతికే విధంగానే రాశారు.

### ఇమేజ్ ఫైలు నుంచి: ఒక స్క్రిప్టు చేసే అక్షరాల మార్పిడి

యంత్రం అందుబాటులో లేక, చేతిలో కెర్నెల్ ఇమేజ్ ఒక్కటే ఉన్నప్పుడు వాడేది మూల కోడ్‌లోని స్క్రిప్ట్స్ డైరెక్టరీలో ఉండే 'ఎక్స్‌ట్రాక్ట్-ఐకేకాన్ఫిగ్'. నూరు పంక్తులు కూడా లేని ఈ షెల్ స్క్రిప్టు పని తీరును దగ్గరగా చూడటం ఉపయోగకరం, ఎందుకంటే అది ఎప్పుడు విఫలమవుతుందో కూడా అందులోనే తెలిసిపోతుంది.

బైనరీ ఫైలులో ఒక బైట్ల వరుస ఎక్కడుందో కనుక్కోవాలి. గ్రెప్ పంక్తుల మీద పని చేసే వెతుకులాట సాధనం, కెర్నెల్ ఇమేజ్‌లో పంక్తులనేవే లేవు. అందుకని స్క్రిప్టు ముందుగా టీఆర్ ఆదేశంతో మొత్తం ఫైలులో అక్షరాలను మార్చేస్తుంది. వెతికే వరుస పదకొండు బైట్లు: ప్రారంభపు గుర్తులోని ఎనిమిది, వాటి వెంట ప్రతి జీజిప్ మూటకూ మొదట ఉండే మూడు. ఆ పదకొండులో మొదటిదైన 'ఐ' కొత్త పంక్తి గుర్తుగా మారుతుంది. మిగిలిన పది బైట్లు వరుసగా 0 నుంచి 9 వరకు అంకెలుగా మారతాయి. ఫైలులో అంతకుముందే ఉన్న కొత్త పంక్తి గుర్తులు, నిజమైన అంకెలు అన్నీ సమాన గుర్తులుగా మారిపోతాయి. ఈ మార్పిడి తర్వాత కావలసిన వరుస '0123456789' అనే పంక్తి ప్రారంభంగా మాత్రమే కనిపిస్తుంది, గ్రెప్ దాన్ని తడుముకోకుండా పట్టుకుంటుంది.

నిజమైన అంకెలను ఎందుకు మార్చాలన్న సందేహానికి జవాబు కెర్నెల్‌లోనే ఉంది. హెక్సాడెసిమల్ సంఖ్యలను ముద్రించడానికి కెర్నెల్‌లో 0 నుంచి 9, ఆపై ఎ నుంచి ఎఫ్ దాకా ఉన్న అక్షరమాల ఒకటి నిజంగానే ఉంటుంది. ఆ అంకెలను అలాగే వదిలేస్తే వెతుకులాట వాటి దగ్గర మోసపోయే వీలుంటుంది.

గ్రెప్ ఇచ్చే స్థానం 'ఐ' తర్వాతి బైట్‌ది, సున్నా నుంచి లెక్కించినది. ఆ స్థానానికి 8 కలిపి టెయిల్ ఆదేశానికి ఇస్తారు. టెయిల్ ఒకటి నుంచి లెక్కిస్తుంది కనుక, గుర్తులో మిగిలిన ఏడు అక్షరాలను దాటి సరిగ్గా జీజిప్ మూట మొదటి బైట్ దగ్గర ఆగుతుంది. అక్కడి నుంచి ఫైలు చివరి దాకా ఉన్నదంతా జెడ్‌క్యాట్‌కు వెళ్తుంది. జీజిప్ మూటకు తన ముగింపు తనకే తెలుసు. మూట విప్పాక మిగిలిన మెగాబైట్ల కొద్దీ బైట్లను 'చివర చెత్త ఉంది' అన్న హెచ్చరికతో వదిలేసి, 2 అనే ఫలిత సంఖ్యతో బయటికి వస్తుంది. ఆ 2ను స్క్రిప్టు వైఫల్యంగా లెక్కించదు, 1 వస్తేనే కాదంటుంది. విచిత్రమేమిటంటే ముగింపు గుర్తును ఈ స్క్రిప్టు వాడుకోనే వాడుకోదు.

కుదించని ఇమేజ్ అయితే పని ఇక్కడితో అయిపోతుంది. సాధారణంగా బూట్ అయ్యే ఇమేజ్ మొత్తం మళ్లీ కుదించి ఉంటుంది. ఎక్స్86 యంత్రాల్లో ముందు చిన్న బూట్ కోడ్, ఆ వెంట విప్పే కోడ్, దాని లోపల కుదించిన అసలు కెర్నెల్ ఉంటాయి. అందులోని గుర్తు కుదింపు వల్ల మామూలు వెతుకులాటకు కనబడదు. అందువల్ల స్క్రిప్టు జీజిప్, ఎక్స్‌జెడ్, బీజిప్2, ఎల్‌జెడ్ఎంఏ, ఎల్‌జెడ్ఓ, ఎల్‌జెడ్4, జెడ్‌స్టాండర్డ్ పద్ధతుల ఆరంభ బైట్ల కోసం ఒక్కొక్కటిగా గాలిస్తుంది. దొరికిన ప్రతి చోటి నుంచీ విప్పి చూసి, విప్పిన దానిలో పదకొండు బైట్ల వరుసను మళ్లీ వెతుకుతుంది.

విఫలమయ్యే సందర్భాలు ఈ వివరణలోనే ఉన్నాయి. కెర్నెల్‌ను జెడ్‌స్టాండర్డ్‌తో కుదించే వీలు 2020లో వచ్చిన 5.9తో ఏర్పడింది, కనుక అంతకుముందటి కోడ్ చెట్టు నుంచి తెచ్చుకున్న స్క్రిప్టుకు అలాంటి ఇమేజ్‌లో ఏదీ దొరకదు. యంత్రంలో ఎల్‌జెడ్4 లేదా ఎల్‌జెడ్ఓపీ ప్రోగ్రాము ఇన్‌స్టాల్ కాకపోయినా అదే ఫలితం. స్క్రిప్టు ఒక్క పొరనే విప్పుతుంది, కుదింపు మీద కుదింపు ఉంటే పై పొరను ముందుగా చేత్తో విప్పుకోవాలి. ఎన్‌క్రిప్ట్ చేసిన ఫర్మ్‌వేర్ ముందు ఇది నిస్సహాయం. ఈ సందర్భాలన్నిటిలోనూ వచ్చే సందేశం ఒక్కటే, కెర్నెల్ కాన్ఫిగ్ దొరకలేదని. 'పొదగలేదు', 'విప్పలేకపోయాను' అన్న రెండు భిన్నమైన సంగతులను అది వేరు చేసి చెప్పదు. ఆ సందేశాన్ని చూసి ప్రయత్నం మానేయడం తొందరపాటే అవుతుంది.

యంత్రం కుప్పకూలినప్పుడు తీసిన మెమరీ నకలు కూడా ఒక ఆధారమే. మూట ఉన్న డేటా విభాగం బూట్ తర్వాత ఖాళీ చేసే రకం కాదు, కెర్నెల్ బతికున్నంత కాలం మెమరీలో ఉంటుంది. అందువల్ల క్రాష్ అనే విశ్లేషణ సాధనంలో 'సిస్ కాన్ఫిగ్' అని టైప్ చేస్తే చనిపోయిన కెర్నెల్ చిట్టా బయటికి వస్తుంది. నడుస్తున్న యంత్రానికి జీడీబీ అనే డీబగ్గర్ తగిలించినవారికి కెర్నెల్‌తో వచ్చే జీడీబీ స్క్రిప్టుల్లో 'ఎల్‌ఎక్స్-కాన్ఫిగ్‌డంప్' ఇదే పని చేస్తుంది.

### బీఎస్‌డీలు ఎంచుకున్న దారి

యునిక్స్ వారసులైన ఫ్రీబీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఇదే ఆలోచన మరింత సాదాగా అమలైంది. రెండింటిలోనూ 'ఇన్‌క్లూడ్_కాన్ఫిగ్_ఫైల్' అనే ఆప్షన్ ఉంది. ఫ్రీబీఎస్‌డీలో కాన్ఫిగ్ ఆదేశానికి ఎక్స్ స్విచ్ తగిలించి కెర్నెల్ ఫైలు పేరిస్తే కాన్ఫిగరేషన్ ముద్రితమవుతుంది. నడుస్తున్న యంత్రంలోనైతే 'కెర్న్.కాన్ఫ్‌టెక్స్ట్' అనే సిస్‌కంట్రోల్ విలువను చదివితే చాలు. పాత ఫ్రీబీఎస్‌డీ కెర్నెళ్లలో ప్రతి పంక్తికి ముందు మూడు అండర్‌స్కోర్లు చేర్చి పొదిగేవారు. స్ట్రింగ్స్, సెడ్ అనే రెండు పాత యునిక్స్ సాధనాలతోనే వాటిని ఏరుకునేవారు. నెట్‌బీఎస్‌డీలో ఆ ముందు గుర్తు 'సీఎఫ్‌జీ' అక్షరాలతో, అటూ ఇటూ అండర్‌స్కోర్లతో ఉంటుంది.

కుదింపు లేకపోవడానికి కారణం పరిమాణమే. బీఎస్‌డీ కాన్ఫిగరేషన్ కొన్ని వందల పంక్తులది, చాలావరకు మనిషి చేత్తో రాసేది. లినక్స్ చిట్టా అలా కాదు. మనిషి కొన్ని ఆప్షన్లు ఎంచుకుంటే, వాటి మీద ఆధారపడిన వేలాది ఇతర విలువలను కేకాన్ఫిగ్ తేల్చి రాస్తుంది. అందుకే బీఎస్‌డీ ఫైలులో ఆ నిర్ణయం వెనకున్న ఉద్దేశం కూడా వ్యాఖ్యల రూపంలో దొరికే వీలుంది, లినక్స్ ఫైలులో ఫలితం మాత్రమే ఉంటుంది. ఎవరు ఏది కోరి పెట్టారు, ఏది దానంతట అది వచ్చి చేరింది అన్నది అందులో తెలియదు. బీఎస్‌డీ పద్ధతికీ ఒక చిక్కు ఉంది. కాన్ఫిగరేషన్ ఫైలు మరో ఫైలును చేర్చుకున్నప్పుడు, ఆ చేర్చుకున్న ఫైలు సంగతేమిటన్న ప్రశ్న వస్తుంది. నెట్‌బీఎస్‌డీ దీనికి రెండు ఆప్షన్లు ఇచ్చింది. ఒకటి చేర్చుకున్న ఫైళ్లతో సహా పొదుగుతుంది, 'ఇన్‌క్లూడ్_జస్ట్_కాన్ఫిగ్' అనే రెండోది అసలు ఫైలును మాత్రమే పొదుగుతుంది. రెండో పద్ధతిలో దొరికిన చిట్టాతో కెర్నెల్‌ను మళ్లీ తయారు చేయాలంటే ఆనాటి మూల కోడ్ చెట్టు కూడా చేతిలో ఉండాలి.

### ఏదీ పొదగని కెర్నెల్ విషయంలో

మూటే లేని కెర్నెల్ నుంచి మొత్తం చిట్టాను తిరిగి రాబట్టడం సాధ్యం కాదు. ముక్కలు ముక్కలుగా కొంత తెలుసుకోవచ్చు. మాడ్యూల్ ఫైళ్లలో ఉండే వెర్మ్యాజిక్ పదబంధం ఆ కెర్నెల్ బహుళ ప్రాసెసర్లకు తయారైందా, ప్రీఎంప్షన్ (నడుస్తున్న పనిని మధ్యలో ఆపి మరో దానికి అవకాశమివ్వడం) ఉందా, మాడ్యూళ్లను దించే వీలుందా అన్న సంగతులు చెబుతుంది. మాడ్యూల్స్.బిల్టిన్ అనే ఫైలు మాడ్యూల్ కాగలిగి ఉండి కెర్నెల్‌లోనే కలిసిపోయిన భాగాలను వరుసపెడుతుంది. సింబల్ పట్టికలో ఒక ఫంక్షన్ పేరు ఉంటే దానికి సంబంధించిన ఆప్షన్ ఆన్‌లో ఉన్నట్టే.

పేరు లేకపోతే మాత్రం ఆప్షన్ ఆఫ్‌లో ఉందని అనలేం. ఆ ఫంక్షన్‌ను కంపైలర్ మరో దానిలో కలిపేసి ఉండవచ్చు, లేదా ఆ పట్టికలో డేటా పేర్లను చేర్చి ఉండకపోవచ్చు. ఉన్నదాన్ని చూసి ఉందనడం తేలిక, లేనిదాన్ని చూసి లేదనడం కష్టం.

కొత్త కెర్నెళ్లలో బీటీఎఫ్ అనే రకాల సమాచారం దొరికితే ఈ కష్టం కొంత తీరుతుంది. కెర్నెల్‌లోని ప్రతి స్ట్రక్చర్‌లో ఏ సభ్యులున్నారో అది పూర్తిగా చెబుతుంది. ఉదాహరణకు ప్రాసెస్‌ను వర్ణించే టాస్క్_స్ట్రక్ట్‌లో 'న్యూమా_ఫాల్ట్స్' అనే సభ్యుడు న్యూమా బ్యాలెన్సింగ్ ఆప్షన్ ఉంటేనే ఉంటాడు. పూర్తి జాబితా కనుక ఇక్కడ లేకపోవడం కూడా సాక్ష్యమే అవుతుంది.

మోసపుచ్చే ఆనవాళ్లూ ఉన్నాయి. కెర్నెల్ టిక్ వేగం 100, 250, 300, 1000లలో ఏదో తెలుసుకోవాలని 'గెట్‌కాన్ఫ్ సీఎల్‌కే_టీసీకే' ఆదేశం ఇచ్చేవారు చాలామంది. ఎక్స్86లో దానికి వచ్చే జవాబు ఎప్పుడూ 100. అది వినియోగదారు ప్రోగ్రాములకు చూపడానికి స్థిరపరచిన విలువ, కెర్నెల్ అసలు టిక్‌తో దానికి సంబంధం లేదు.

### దొరికిన చిట్టా ఏమి చెప్పదు

పొల్లు పోకుండా దొరికిన ఫైలు కూడా కొన్ని ప్రశ్నలకు జవాబివ్వదు. ఆప్షన్ ఎదుట 'వై' అని ఉంటే ఆ కోడ్ కెర్నెల్‌లో ఉందని మాత్రమే అర్థం. ప్రాసెసర్ లోపాలకు రక్షణలన్నీ కంపైల్ అయి ఉండి కూడా, బూట్ పంక్తిలో 'మిటిగేషన్స్=ఆఫ్' అని ఉంటే అవి పని చేయవు. 2021లో వచ్చిన 5.12 నుంచి ప్రీఎంప్షన్ తీరును బూట్ సమయంలోనే మార్చుకునే వీలు కూడా ఉంది. ఎస్‌ఈలినక్స్ అనే భద్రతా మాడ్యూల్ కోడ్ ఉన్నా, అమలులో ఉన్న భద్రతా మాడ్యూళ్ల వరుసలో అది లేకపోవచ్చు. 'ఎం' అని ఉన్న డ్రైవర్ డిస్కులో లేకపోవచ్చు, ఉన్నా దాన్ని ఎక్కించకుండా నిషేధించి ఉండవచ్చు. అందువల్ల రక్షణల ప్రస్తుత స్థితి కావాలంటే సిస్ డైరెక్టరీలో ప్రాసెసర్ బలహీనతలకు కేటాయించిన ఫైళ్లను చదవాలి, కాన్ఫిగరేషన్‌ను కాదు.

చిట్టాలో లేని మరో పెద్ద విషయం మూల కోడ్. డిస్ట్రిబ్యూషన్లు, పరికరాల తయారీదారులు తమ సొంత ప్యాచ్‌లు వేస్తారు. వాటిలో కొత్త ఆప్షన్ పేరును చేర్చినవి మాత్రమే చిట్టాలో కనిపిస్తాయి. ఉన్న కోడ్‌ను సరిదిద్దిన ప్యాచ్‌కు అక్కడ ఏ ఆనవాలూ ఉండదు. ఒక భద్రతా లోపం సరిదిద్దారా లేదా అన్న ప్రశ్నకు కాన్ఫిగరేషన్ చూపించే జవాబు, ఆ లోపమున్న కోడ్ అసలు కంపైల్ అయిందా లేదా అన్నంత వరకే. అయితే ఇటీవలి కెర్నెళ్లలో కంపైలర్ పేరు, వెర్షన్ కూడా చిట్టాలోనే నమోదవుతున్నాయి కనుక ఆ మేరకు అది మునుపటికంటే సంపన్నమైంది.

### అందరూ ఎందుకు ఆన్ చేయరు

అభ్యంతరాల్లో మొదటిది మెమరీ. పదుల కిలోబైట్లు డిస్కుకు తరలించలేని మెమరీలో శాశ్వతంగా కూర్చుంటాయి. గిగాబైట్ల యంత్రాల్లో అది లెక్కలోకి రాదు, కొద్ది మెగాబైట్ల చిన్న పరికరాల్లో వస్తుంది. అక్కడ మాడ్యూల్ పద్ధతి సరైన మధ్యేమార్గం.

రెండోది గోప్యత. ఏ కవచాలు లేవో దాడి చేసేవారికి జాబితా రాసి ఇచ్చినట్టవుతుందన్నది వాదన. ఇందులో కొంత నిజం ఉన్నా ఎక్కువ బలం లేదు. డిస్ట్రిబ్యూషన్ కెర్నెళ్ల కాన్ఫిగరేషన్ ఎలాగూ బహిరంగమే, ప్యాకేజీ దింపుకుంటే దొరుకుతుంది. మెమరీ చిరునామాల యాదృచ్ఛికీకరణ ఆన్‌లో ఉందని చిట్టా చెప్పినా, ఆ చిరునామాలేమిటో చెప్పదు. అదే జాబితాతో యంత్రం యజమాని తన లోటుపాట్లను కెర్నెల్-హార్డెనింగ్-చెకర్ వంటి సాధనాలతో తానే తనిఖీ చేసుకోగలడు. ఆండ్రాయిడ్ ఈ వైపే మొగ్గింది. దాని ప్రాథమిక కెర్నెల్ అవసరాల్లో కాన్ఫిగరేషన్‌ను పొదగడం, ప్రాక్‌లో చూపడం రెండూ తప్పనిసరి. ఫోన్ కెర్నెల్ పై భాగాలకు సరిపడుతుందా లేదా అన్నది ఆ ఫైలును చదివే తేలుస్తారు.

లైసెన్సు కోణం కూడా ఉంది. లినక్స్‌కు వర్తించే జీపీఎల్ రెండో వెర్షన్, పూర్తి మూల కోడ్ అనే నిర్వచనంలో కంపైల్‌ను నియంత్రించే స్క్రిప్టులను కూడా చేర్చింది. కాన్ఫిగరేషన్ ఫైలు ఆ కోవలోకే వస్తుందని వాదించడానికి గట్టి ఆధారం ఉంది, ఎందుకంటే అది లేకుండా అదే కెర్నెల్‌ను తిరిగి తయారు చేయడం కుదరదు. పరికరంతో పాటు ఇచ్చిన కోడ్‌లోని చిట్టా, పరికరంలోని కెర్నెల్ నుంచి తీసిన చిట్టా ఒకటేనా అని పోల్చి చూడటం ఈ సందర్భంలో చేయదగిన మొదటి తనిఖీ.

### తిరిగి వాడేటప్పుడు

తిరిగి రాబట్టిన ఫైలును కొత్త వెర్షన్ కోడ్ చెట్టులో పెట్టి 'మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్' అంటే, కొత్తగా వచ్చిన ఆప్షన్లన్నిటికీ డిఫాల్ట్ విలువలు చేరతాయి. పేరు మారిన ఆప్షన్ల దగ్గర చిక్కు ఎదురవుతుంది. కేకాన్ఫిగ్ తనకు తెలియని పేరును పక్కన పడేసి ముందుకు సాగుతుంది. 2024లో వచ్చిన 6.9లో ప్రాసెసర్ లోపాల రక్షణలకు చెందిన ఆప్షన్ల పేర్లకు ముందు 'మిటిగేషన్' అనే పదం చేరింది. 'పేజ్_టేబుల్_ఐసొలేషన్ ఈజ్ నాట్ సెట్' అని పాత చిట్టాలో స్పష్టంగా ఉన్నా, కొత్త చెట్టులో ఆ పేరే లేదు కనుక, కొత్త పేరుతో ఉన్న ఆప్షన్ తన డిఫాల్ట్ ప్రకారం ఆన్ అయిపోతుంది. ఈ ఉదాహరణలో మార్పు రక్షణ వైపు జరిగింది, అన్నిసార్లూ అలాగే జరుగుతుందన్న హామీ లేదు.

డిస్ట్రిబ్యూషన్ చిట్టాల్లో ఇంకో రకం అడ్డంకి ఎదురవుతుంది. నమ్మదగిన తాళంచెవుల ఫైలు ఎక్కడుందో చెప్పే ఆప్షన్‌లో ఆ డిస్ట్రిబ్యూషన్ బిల్డ్ డైరెక్టరీ దారి రాసి ఉంటుంది. ఆ సర్టిఫికెట్ ఫైలు ఇతరుల దగ్గర ఉండదు కనుక బిల్డ్ మధ్యలో ఆగిపోతుంది. ఆ ఒక్క విలువను ఖాళీ చేస్తే పని సాగుతుంది.

బిల్డ్ ముగిశాక చేయాల్సిన పని ఒకటి మిగిలి ఉంటుంది. కొత్త ఇమేజ్‌లోంచి అదే స్క్రిప్టుతో చిట్టాను మళ్లీ బయటికి తీసి, పాత దానితో పాటు 'డిఫ్‌కాన్ఫిగ్' స్క్రిప్టుకు ఇవ్వాలి. అది తొలగిపోయిన ఆప్షన్లను మైనస్ గుర్తుతో, కొత్తగా చేరిన వాటిని ప్లస్ గుర్తుతో, విలువ మారిన వాటిని పాత విలువ, బాణం, కొత్త విలువలతో చూపుతుంది. మైనస్ గుర్తుతో వచ్చిన ప్రతి పేరునూ కొత్త కోడ్ చెట్టులో వెతికి, అది నిజంగా పోయిందో, పేరు మార్చుకుని మరో విలువతో ప్లస్ వరుసలో నిలబడి ఉందో చూడాలి.